పరదేశమున నవమానము – స్వగృహమున నాచారము

లోకములో నితరులను వంచించుటకంటె తన్ను తాను వంచించుకొనుట మిక్కిలి సులభము. ఇతరుని వంచింపబోయినచో నాతడెన్నడైన నొకనాడు కనిపెట్టును. తన్ను తాను వంచించుకొనువానిని కనిపెట్టువారెవరు? భారతములో ధృతరాష్ట్రుడు పుట్టుగ్రుడ్డి యగుట యొక యెత్తు. కుమారుని దోషమెఱిగియు నెఱుగనట్లు కూర్చుండుట మఱియొక యెత్తు. మొదటిదానికి దైవము కారణము. రెండవదానికి తానే కారణము. కురువంశమును నాశనము చేసినది యీ రెండవ గ్రుడ్డితనమే గాని మొదటిది కాదు.

సోదరీమణులారా! మన సంఘమునం దిట్టి రెండవ గ్రుడ్డితన మొకటి చిరకాలమునుండి యున్నది. పరదేశములలో తెల్లవారు మన మేనిచాయ జూచి యీసడించినచో దానిని అవమానమందుము. మన యిండ్లలో మనము తోడిమనుష్యుని పుట్టుక జూచి దూరముగా నిలిపినచో దానిని ఆచారమందుము. పేరు మారినంతమాత్రమున వస్తువు మారునా? ఈ ప్రశ్ననుగుఱించి మనమందఱము నిష్పక్షపాతముగా నాలోచింపవలెనను తలంపుతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. "మా యింట నట్టి దోషమేదియు లేదు, ఇది పొరుగింటివారు చదువవలసిన వ్యాసము" అని పుట త్రిప్పబోవు సోదరి యెవరైన నున్నచో, ముఖ్యముగా నామెయే యొక్క నిమిషము నిలువవలెనని ప్రార్థించుచున్నాము.

పోస్టాఫీసునకు మూడవ ద్వారము

1893వ సంవత్సరము జూన్ నెలలో గాంధీగారు మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండగనే దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో రైలునుండి త్రోసివేయబడిన కథ మన పిల్లలకెల్ల కంఠస్థమే. చలిరాత్రి, చీకటి గది, పెట్టెలో నుండిపోయిన పైకోటు, ఇవన్నియు వినునప్పుడు మన హృదయము మండును. మండవలసినదే.

అయితే పాఠ్యపుస్తకములలో కానరాని ముచ్చట యొకటి కలదు. నాటి దర్బను పట్టణపు పోస్టాఫీసునకు రెండు ద్వారములుండెడివి. ఒకటి తెల్లవారికి, రెండవది ఆఫ్రికా దేశీయులకును భారతీయులకును గలిపి. 1894లో స్థాపింపబడిన నాటాలు ఇండియన్ కాంగ్రెసువారు ఈ విషయమై అధికారులకు మొఱపెట్టుకొనిరి. వారు కోరినదేమి? అందఱికి నొక్క ద్వారమే యుంచుడని కాదు. నల్లవారితో నొక్క త్రోవను నడచుట మాకు గౌరవభంగము, కావున మాకు వేఱు ద్వార మేర్పఱుపుడని. మూడవ ద్వారము మంజూరయ్యెను. దానిని తాము సాధించిన కార్యములలో నొకటిగా నివేదికయందు వ్రాసికొనిరి కూడ.

గాంధీగారి యౌవనకాలపు టభిప్రాయములు పిమ్మట మారెను. మాఱినవారిని మనము గౌరవింపవలెను. కాని యా మూడవ ద్వారము మాత్రము మన మనస్సులనుండి యింకను తొలగలేదు. గోడ యుండుట మనకు కష్టము కాదు; గోడకు తక్కువవైపున మనలను నిలువబెట్టుటయే మనకు కష్టము. ఇదియే యీ రోగమునకు మూలము.

ఇక నా దేశమునకు మనవారేరీతిగా పోయిరో కూడ తలచుకొనుట మంచిది. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మదరాసునుండి బయలుదేరి దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు ఒప్పందపు కూలీలై నాటాలు చేరినవారు సుమారు 1,52,000 మంది. అందు విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి పోయిన తెలుగువారును కలరు. ఓడలో వంట యందఱికి నొక్కటే. నీటి పీపాయు నొక్కటే. సముద్రము నడుమ ఆకలి వేసినప్పుడు అంటును ముట్టును నిలువలేకపోయినవి. నిలువక తప్పని ధర్మమే యైనచో నచ్చట మాత్ర మేల నిలువదు? అవసరము వచ్చినప్పుడు విడిచి, అవసరము తీరినప్పుడు మరల కట్టుకొనునది ధర్మము కాదు, వేషము.

అమెరికా న్యాయస్థానములో మన కులగర్వము

అమెరికాలో 1790వ సంవత్సరపు చట్టము శ్వేతజాతీయులకు మాత్రమే పౌరసత్వ మనుగ్రహించెను. 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు కల్పింపబడెను. మన దేశమునుండి పోయినవారు ఈ రెంటిలో దేనిక్రిందికి వత్తురు? ఈ తగవు 1923లో నా దేశపు సుప్రీంకోర్టునకు వచ్చెను. ప్రతివాది భగత్ సింగ్ థింద్ అను పంజాబు సిక్కు యువకుడు. మన యమరవీరుడైన భగత్ సింగు వేఱు, ఈతడు వేఱు. ఈతడు మొదటి ప్రపంచ యుద్ధకాలములో అమెరికా సైన్యములో పనిచేసినవాడు.

ఈతని పక్షమున వకీళ్లు చేసిన వాదము వినదగినది. "మనుష్యులను రంగునుబట్టి వేఱుచేయుట యన్యాయము" అని వారనలేదు. "మా కక్షిదారుడు ఉన్నతకులస్థుడు, ఆర్యసంతతివాడు, కనుక శ్వేతజాతీయుడే, మీరు నల్లవారితో వియ్యమందుటకెంత యసహ్యపడుదురో, మా దేశమున పై కులములవారు మూలవాసులతో వియ్యమందుటకు నంతయే యసహ్యపడుదురు" అని యర్థమువచ్చునట్లు వాదించిరి. అనగా తెల్లవానితో, "మేమును నీవలెనే యొకరిని తక్కువగా చూతుము, కావున మమ్ము నీ బంతిలో కూర్చుండబెట్టుకొనుము" అని వేడుకొనుట! ఆ కాలమున బయట వర్ణద్వేషము, లోపల కులద్వేషము చేతులు కలుపుకొని యొక్క న్యాయస్థానపు మెట్లెక్కిన విచిత్రమిది.

1923 ఫిబ్రవరి 19వ తేదీన తీర్పు వెలువడెను. శాస్త్రము లేమి చెప్పినను, సామాన్యజనులు తెల్లవాడనునది యెవరినో వారే తెల్లవారని న్యాయాధిపతులేకగ్రీవముగా నిర్ణయించిరి. కులగర్వము నమ్మి పోయినవారిని కులగర్వము కాపాడలేదు. అంతకుముందు పౌరసత్వము పొందిన మనవారు పలువురు దానిని గూడ గోల్పోయిరి.

అట్లు గోల్పోయినవారిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారము చేసికొనుచుండిన వైష్ణోదాసు బగాయిగా రొకరు. ఆయన భార్య కాలా బగాయి. ఈ దంపతులు ముగ్గురు బిడ్డలతో 1915లో నా దేశము చేరిరి. బర్‌క్లీ యను పట్టణములో నిల్లు కొనుక్కొని సామాను బండ్లతో పోగా, ఇరుగుపొరుగువారు తలుపులు బంధించి వారిని లోనికి పోనీయలేదు. బిడ్డలకేమి కీడు మూడునో యని తల్లి వెఱచి, వారందఱు వెనుదిరిగిరి. పౌరసత్వమును, దానితో వ్యాపారమును గృహమును చేజారుటచే దుఃఖమోపలేక బగాయిగారు 1928లో ప్రాణములు తీసికొనిరి. పరదేశములో, పరభాష నడుమ, ముగ్గురు బిడ్డలతో మిగిలిన యా యిల్లాలు ధైర్యము చెడక వారికి విద్యాబుద్ధులు చెప్పించి, క్రొత్తగా వచ్చు మనవారికెల్ల నింటి పెద్దదిక్కై, 1983 వఱకు జీవించెను. 2020లో బర్‌క్లీ నగరసభవారు ఒక వీథి కామె పేరు పెట్టుటకు నిశ్చయించిరి. ఏ యూరిలో గడప త్రొక్కనీయలేదో యా యూరిలోనే నేడు వీథి యామె పేరిట పిలువబడుచున్నది. తప్పు నొప్పుకొని దిద్దుకొనుటవలన నొక యూరు చిన్నబోదని యిందువలన తెలియుచున్నది గదా!

1946లో మనవారికి పౌరసత్వపు హక్కును, ఏటికి నూఱుమందికి ప్రవేశమును లభించెను. తలుపులు విశాలముగా తెఱచుకొన్నది 1965వ సంవత్సరపు చట్టముతో. అంతకు ముందటి యేడు, 1964లో, నల్లజాతివారు దెబ్బలు తిని, చెఱసాలల కేగి, ప్రాణములర్పించి సాధించుకొన్న పౌరహక్కుల చట్టము వచ్చెను. జాతినిబట్టి మనుష్యుని తూచుట తప్పను భావము వారు నాటినదే. దాని నీడనే మన బిడ్డలకు ప్రవేశము దొరకినది. నేడు తెలుగు కుటుంబములలో నచ్చటికి కుమారునో కుమార్తెనో పంపని యిల్లరుదు. కాని, "ఆ పేటలో నల్లవారెక్కువ, అచ్చట నిల్లు తీసికొనవద్దు" అని ఫోనులో హితవు చెప్పు తల్లులును మనలోనే కలరు. ఎవరు తెఱచిన తలుపున లోనికి పోయితిమో వారిని చూచి తలుపు మూసికొనుట కృతజ్ఞత యగునా?

2023 ఫిబ్రవరి 21వ తేదీన సియాటిల్ నగరసభవారు కులమునుబట్టి వివక్ష చూపరాదని శాసనము చేసిరి. అమెరికా నగరములలో నిట్టి శాసనము చేసినది యదియే మొదలు. ఆ సంవత్సరమే కాలిఫోర్నియా శాసనసభ లట్టి బిల్లు నామోదింపగా, ఉన్న చట్టములే చాలునని గవర్నరు త్రిప్పివేసెను. శాసనము కావలెనా వలదా యనుటలో పెద్దలకు భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని, "ఇచ్చట మనవారిలో కులమే లేదు" అను వాదము విన్నప్పుడు మాత్రము మాకాశ్చర్యము కలిగినది. అదే దేశమునుండి వచ్చు పెండ్లి ప్రకటనలలో శాఖయు, ఉపశాఖయు, గోత్రమును గూడ చదువుచున్నాము గదా!

ఒక్క నెల వ్యవధిలో

2017 ఫిబ్రవరి 22వ తేదీన అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున హైదరాబాదునుండి పోయిన యువ ఇంజనీరొకడు, "మా దేశమునుండి పొండు" అని యఱచుచు వచ్చిన తెల్లవాని తుపాకికి బలియయ్యెను. అడ్డుపడబోయిన యొక తెల్లజాతి యువకుడును తూటా తగిలి గాయపడెను. తెలుగునాట నా వార్త విని కంటతడి పెట్టని తల్లి లేదు. "ఏమి పాపము చేసెనని చంపిరి? రంగే గదా యాతని నేరము!" అని యేడ్చితిమి.

సరిగా నెల దాటిన పిమ్మట, మార్చి కడపట, ఢిల్లీ చేరువనున్న గ్రేటర్ నోయిడాలో నొక పిల్లవాడు మరణించెను. ఆఫ్రికా విద్యార్థులే కారణమని పుకారు పుట్టెను. నరమాంస భక్షకులను మాట గూడ వినబడెను. గుంపులు చేరి నైజీరియానుండి చదువునకు వచ్చిన పిల్లలను అంగడిలో కుర్చీలతోను చేతికందిన వస్తువులతోను కొట్టిరి. దానికి ముందటి యేడు, 2016లో, బెంగుళూరులో వేఱొకరు చేసిన కారు ప్రమాదమునకు, ఏమియు నెఱుగని టాంజానియా విద్యార్థినిని పట్టుకొని కొట్టి బట్టలు చింపిరి. ఆ పిల్లకును సముద్రమున కావల నొక తల్లి యున్నది. ఆ తల్లియు, "రంగే గదా నా బిడ్డ నేరము" అని యేడ్చియుండదా?

అంత దూరమేల? మన దేశపు టీశాన్య రాష్ట్రములనుండి వచ్చిన బిడ్డల కన్నులు, ముక్కులు చూచి వెక్కిరించువారు మన పట్టణములలో కొల్లలు. 2014 జనవరిలో అరుణాచల ప్రదేశపు విద్యార్థి యొకడు ఢిల్లీలో తన జుట్టును వెక్కిరించినవారితో తగవుపడి, వారి దెబ్బలకు మరణించెను. తన దేశపు రాజధానిలోనే యాతడు పరదేశి యయ్యెను.

నల్లని దేవుడు – తెల్లని కోడలు

ఈ రంగు పిచ్చి మనకు తెల్లవారే తెచ్చిరని కొందఱందురు. అది కొంత నిజమైనను మనము దానిని విడువక పెంచుకొన్నమాట యంతకంటె నిజము. మన పురాణేతిహాసములను చదివినవారికి గూడ నీ పిచ్చి పట్టుట వింతలలో వింత. భారతమును రచించిన వ్యాసుని పేరు కృష్ణద్వైపాయనుడు. నల్లనివాడగుటచే కృష్ణుడు, ద్వీపమున పుట్టుటచే ద్వైపాయనుడు. గీత చెప్పినవాడు కృష్ణుడు. గీత విన్న యర్జునునకును కృష్ణుడను పేరు కలదు. యజ్ఞకుండమునుండి పుట్టిన ద్రౌపది నల్లనిది యగుటచే ఆమె పేరు కృష్ణ. రాజులెందఱో ఆమె కొఱకు స్వయంవరమునకు పరుగులిడిరి. నలుగురు కృష్ణులు లేనిచో భారతమే లేదు. రామచంద్రుడు నీలమేఘశ్యాముడు. ఇట్టి దేవునికి నిత్యము దీపము పెట్టి, ఆ దీపము ముందే పెండ్లిచూపులలో, "పిల్ల లక్షణముగా నున్నది గాని కొంచెము చాయ తక్కువ" అని పెదవి విఱచుట మన యిండ్లలో జరుగుచున్నది.

గర్భిణికి కుంకుమపువ్వు పాలు పట్టించినచో బిడ్డ తెల్లగా పుట్టునని నమ్మువారు నేటికిని కలరు. చర్మపు రంగు తల్లిదండ్రుల వంశములనుండి వచ్చునది. మెలనిను అను పదార్థము హెచ్చుగా నున్నచో నలుపు, తక్కువగా నున్నచో తెలుపు. ఎండ మెండుగా గల దేశములలో నది చర్మమునకు ప్రకృతి పట్టిన గొడుగు వంటిది. ఆ గొడుగును చూచి సిగ్గుపడుట మనకు నేర్పినవారెవరు? 1975లో మన దేశపు టంగళ్లకు ఫెయిర్ అండ్ లవ్‌లీ యను లేపన మొకటి వచ్చెను. తెల్లగా నున్నచో ఉద్యోగము, తెల్లగా నున్నచో వివాహము అని తెరపై చూపుచు నది యింటింట ప్రవేశించెను. 2020లో ప్రపంచమంతట వర్ణద్వేషముపై నలజడి రేగగా దాని పేరులో ఫెయిర్ తీసివేసి గ్లో అని మార్చిరి. అంగడివాడు పేరు మార్చుకొన్నాడు. మనము మనస్సు మార్చుకొనవలదా?

వంటయింటి గడప

పరదేశపు రైలులో గాంధీగారికి జరిగిన యవమానము మనకు తెలియును. స్వదేశమున అంబేద్కరుగారికి జరిగినదానిని మన పిల్లల కెందఱకు చెప్పుచున్నాము? అమెరికాలోను లండనులోను చదివి, 1917లో బరోడా సంస్థానమున నుద్యోగమునకు వచ్చిన యాయనకు ఆ పట్టణమంతటను తల దాచుకొన గది యిచ్చినవారు లేరు. పేరు మార్చుకొని పారసీల సత్రములో దిగగా, కొన్నినాళ్లకు కులము తెలిసి కఱ్ఱలతో వచ్చి వెళ్లగొట్టిరి. విదేశములలో మఱచిపోయిన యంటరానితనము స్వదేశపు స్టేషనులో దిగినంతనే యెదురుపడెను. మన తెలుగునాట గుఱ్ఱం జాషువగారు 1941లో గబ్బిలమును కావ్యముగా వ్రాసిరి. తాను పోలేని గుడిలోనికి గబ్బిలము పోగలదు గనుక, ఈశ్వరునితో తన గోడు చెప్పుమని దానిని వేడుకొనుట యందలి కథ. గబ్బిలమునకు లేని మైల మనుష్యునికి కలిగినదన్న మాట.

1950 జనవరి 26నుండి మన రాజ్యాంగపు 17వ యధికరణము అంటరానితనమును రద్దుచేసినది. చట్టము వీథివఱకు వచ్చినది. వంటయింటి గడప మాత్రము మనమే తెఱవవలెను.

బడిపంతుళ్ల యిండ్లవారమగుటచే మధ్యాహ్న భోజన విషయము మాకు దగ్గఱిది. ఆంధ్రదేశపు బడులలో నది 2003 జనవరిలో నారంభమైనది. వంటపనిలో దళితులకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ప్రాధాన్య మీయవలెనని సుప్రీంకోర్టు 2004 ఏప్రిలులో నాజ్ఞాపించెను. అన్నము పెట్టు చేయి యేదైనను అన్నమే యని పిల్లలు చిన్ననాటనే యెఱుగవలెనని దాని భావము. అయినను 2021 డిసెంబరులో ఉత్తరాఖండమునందలి చంపావత్ జిల్లాలో నేమి జరిగెను? దళిత స్త్రీ వండిన యన్నమును పైకులముల పిల్లలు తినమనిరి. అధికారు లామెను తొలగించిరి. అప్పుడు దళితుల పిల్లలు, "ఆమె వండినది వారు తిననిచో, వారి కులపు స్త్రీ వండినది మేమును తినము" అని విస్తరిముందునుండి లేచిరి. పిమ్మట నామెకు మరల నుద్యోగమిచ్చిరి. పదేండ్ల పసివానికి ఎవరి చేతియన్నము తినరాదో తెలిసినది యెట్లు? పలకమీద నుపాధ్యాయుడు వ్రాయించిన పాఠము కాదది. ఇంటిలో తల్లి నోటనుండి విన్న పాఠమే.

మన పట్టణపు టిండ్ల మాటయేమి? పనిమనిషికి వేఱు గ్లాసు, కిటికీ మూలనో కుళాయి ప్రక్కనో బోర్లించి యుండును. పెద్ద మేడలలో లిఫ్టు కూడ వేఱు. గదులద్దెకిచ్చునప్పుడు "శాకాహారులకు మాత్రమే" యని బోర్డు; దాని భావము కూరలకు సంబంధించినది కాదని వ్రాసినవారికిని చదివినవారికిని తెలియును.

పరువు అను పేరు

ఈ యాత్మవంచనకు హద్దు లేనప్పుడు జరుగు ఘోరమునకు 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన హత్యయే తార్కాణము. కులాంతర వివాహము చేసికొన్న యువకుని, గర్భవతియైన భార్య ప్రక్కనుండగనే, పట్టపగలు నఱికిరి. డబ్బిచ్చి చంపించినది పిల్ల తండ్రియే. విచారణ ముగియకముందే యాతడు మరణించెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణదండనమును, తక్కినవారికి యావజ్జీవ కారాగారమును విధించెను. ఇట్టి పని చేసినవారు దానిని హత్య యనరు. బిడ్డపై ప్రేమ యందురు, వంశపు పరువందురు. కూతురి తాళి తెంచి కాపాడిన పరువును ఏ పెట్టెలో దాచుకొందురు? ధృతరాష్ట్రుడును కుమారునిపై ప్రేమ యనియే గదా తన గ్రుడ్డితనమునకు పేరు పెట్టుకొనెను!

సాధారణముగా చెప్పు సాకులు

ఈ ప్రసంగము వచ్చినప్పుడు మన స్త్రీలు చెప్పు సమాధానములు నాలుగు.

మొదటిది శుభ్రత. "మాకు కులపట్టింపు లేదు, శుభ్రముకొఱకే వేఱు గ్లాసు" అందురు. మన గిన్నెలు తోమునది పనిమనిషియే. ఆమె కడిగిన గ్లాసులోనే మనము నీరు త్రావుచున్నాము. ఆమె చేయి తగిలి శుభ్రమైన గ్లాసు, ఆమె పెదవి తగిలినంతనే మరల కడిగినను శుభ్రము కాకపోవునా? బంధువులు త్రాగిన గ్లాసులు కడిగి వాడుకొనుచున్నాము గదా! కావున వేఱుచేయుచున్నది మురికి కాదు, పుట్టుక.

రెండవది పెద్దల మాట. పెద్దలనగా నెవరు? అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు తపోగర్వముతో నుండగా, ఆతని గర్వమణచినది యొక గృహిణి. ఆమె యాతనిని ధర్మము నేర్చుకొన బంపినది మిథిలలో మాంసమమ్ముకొను ధర్మవ్యాధునియొద్దకు. ఆ పర్వముననే సర్పరూపమున నున్న నహుషుడు బ్రాహ్మణుడెవడని యడిగినప్పుడు, సత్యము, దానము, క్షమ, దయ మొదలగు గుణములు గలవాడే బ్రాహ్మణుడని ధర్మరాజు చెప్పెను. ఇట్టి పెద్దల మాటలు మనము వినము. మనకనుకూలమైన పెద్దలనే వెదకుకొని వారి చాటున దాగుదుము.

మూడవది లోకభీతి. "మాకేమి యభ్యంతరము లేదు, నలుగురేమందురో యని భయము" అందురు. ఆ నలుగురును ఈ మాటయే యనుచున్నారు. ఒకరినొకరు చూచి యందఱును వెఱచుచున్నారు. మొదట వెఱపు విడిచినవారే తక్కినవారికి ధైర్యము.

నాలుగవది, "ఈ కాలములో కులములెక్కడ నున్నవి?" యనుట. ఈ మాట సాధారణముగా కులమువలన కష్టము పడనివారి నోటనే వినబడును. చెప్పు కఱచినచోటు తొడిగినవానికి గాని యితరులకు తెలియదు. కులములు లేనిచో, ప్రక్కవాటాలో క్రొత్తగా దిగినవారిని, "మీరేమిట్లు?" అని మొదటి రోజుననే యడుగుటయేల?

గృహిణి చేయదగిన పని

శాసనములు చేయుట మన చేతిలో లేదు. సభలలో నుపన్యసించుటకు మనలో నెందఱకో తీరికయు లేదు. కాని యింటి యాచారమనునది మొదటినుండి స్త్రీ చేతిలోనిదే. దానిని కాపాడినది మనమే యైనప్పుడు, మార్చుటకును మనమే సమర్థులము.

వేఱు గ్లాసును నేడే తక్కిన గ్లాసులలో కలిపివేయవచ్చును. దీనికి ఖర్చు లేదు, శాస్త్రవిరోధమును లేదు. పనికివచ్చు పెద్దామెను పిల్లలచేత అమ్మా యనియో, అత్తా యనియో పిలిపింపవచ్చును. ఏమే యని పిలుచుట మాన్పింపవచ్చును. పిల్లలు బడినుండి తెచ్చు వెక్కిరింపు మాటలలో కులపు పేరో, రంగు పేరో వినబడినచో నవ్వి యూరకుండక, అదే మాట పరదేశములో మన యన్నపైనో తమ్మునిపైనో ఎవరైన నన్నచో నెట్లుండునో యడుగవచ్చును. పసివారికి న్యాయము పెద్దలకంటె త్వరగా తెలియును. సంబంధము చూచునప్పుడు పిల్ల చాయ మాట యెత్తకుండుట, ఎత్తినవారికి తగిన సమాధానము చెప్పుట మన చేతిలోనిదే. ఇల్లద్దెకిచ్చునప్పుడు కులమడుగకుండుటయు నట్టిదే. పరదేశముననున్న బిడ్డలకు ఫోను చేసినప్పుడు, పొరుగున నున్న నల్లవారిని భోజనమునకు పిలిచితివా యని యడిగినచో, ఆ యొక్క ప్రశ్నయే వారికి నూఱు నీతిపాఠములకు సమానము.

ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. పల్నాటి బ్రహ్మనాయుడు తన వీరులనందఱిని కులభేదము లేక యొక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెననియు, మాల కన్నమదాసును కుమారునివలె చేరదీసి సేనకు నాయకుని జేసెననియు మన పలనాటి కథ చెప్పుచున్నది. ఎనిమిది వందల యేండ్లనుండి తెలుగువారము ఆ కథను పాడుకొనుచున్నాము; కారెంపూడి తిరునాళ్లలో వీరులకు మ్రొక్కుచున్నాము. చాపను మాత్రము చుట్టి యటుకపై పెట్టితిమి.

ఆ చాపను దించి, దులిపి, పఱచుట మగవారి పని కాదు. భోజనమునకు చాప వేయునది యేయింటనైనను ఇల్లాలే గదా! ఆమె వేసినచోటనే యందఱు కూర్చుందురు. ఆమె వడ్డించిన వరుసనే పిల్లలు నేర్చుకొందురు. పరదేశమున మన బిడ్డకొక్క బంతిలో చోటు కావలెనని కోరుకొను తల్లి, తన యింటి బంతిలో పరుల బిడ్డకు చోటీయకుండ నుండరాదు. ఈ న్యాయమును మన సోదరీమణు లంగీకరించినచో, మూడవ ద్వారముతోడను, రెండవ గ్లాసుతోడను మన పిల్లలకు పని యుండదు.